బాటకు పాసుబుక్కు లేదు

హనుమకొండ దాటి ఏ దిక్కుకు పోయినా ఇప్పుడు పైరు కన్నా ముందు ఫ్లెక్సీలు కనిపిస్తాయి. 'గేటెడ్ కమ్యూనిటీ, హనుమకొండకు 15 నిమిషాలు' అని ఒక నవ్వుతున్న కుటుంబం బొమ్మ. మామునూరు ఎయిర్‌పోర్టు, కాజీపేట రైల్వే యూనిట్, టెక్స్‌టైల్ పార్కు, ఔటర్ రింగు రోడ్డు, ఈ నాలుగింటి పేరు లేకుండా బ్రోచర్ అచ్చు కావడం లేదు. మా మేనమామ ఊరు కూడా ఇలాంటి ఒక ఫ్లెక్సీ నీడలోకి వచ్చింది. వచ్చేవి సుమారు 600 ఇళ్లు. ఊరు మొత్తం లెక్కపెట్టినా అన్ని గడపలు లేవు.

ఊరివాళ్లు అడ్డం తిరిగారు. కారణం అడిగితే 'ట్రాఫిక్' అన్నారు. దాంతో పట్నంలో నా మిత్రులకు నవ్వు దొరికింది. నాలుగు ట్రాక్టర్లు, రెండు గొర్ల మందలు తిరిగే ఊరికి ట్రాఫిక్ టెన్షన్ ఏమిటని ఒకాయన నన్నే అడిగాడు. ఆయన ఎప్పుడైనా కోతల కాలంలో ఆ బాట మీద నిలబడ్డాడా అన్నది నా అనుమానం.

నేను నిలబడ్డాను. మొన్న నవంబరులో, పొద్దున ఎనిమిదింటికి. అది ఊరికి ఉన్న ఒకే ఒక్క తారు రోడ్డు, సింగిల్ లేన్. గ్రామీణ సడక్ యోజన లెక్కలో సింగిల్ లేన్ అంటే 3.75 మీటర్లు. బస్సు వెడల్పే దాదాపు రెండున్నర మీటర్లు. ఎదురుగా ఇంకో బండి వస్తే ఇద్దరిలో ఒకరు మట్టిలోకి దిగాలి. ఆ రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక పెద్దమ్మ కాళ్లతో వడ్లు తిరగేస్తూ ఉంది. స్కూల్ బస్సు హారన్ కొట్టింది. ఆమె తొందరేమీ పడలేదు. పరదా అంచు వడ్లతో సహా లోపలికి మడిచింది, బస్సు మెల్లగా దాటింది, డ్రైవర్ చెయ్యి ఊపాడు, ఆమె మళ్లీ పరదా పరిచింది. (రోడ్డు మీద వడ్లు పోయడం తప్పే. రాత్రిపూట వాటి చుట్టూ పెట్టే రాళ్లకు తగిలి బైకుల మీద వాళ్లు పడతారు. కల్లాలు కట్టిస్తే ఎవరూ పోయరు.)

ఇప్పుడు 600 ఇళ్ల లెక్క వేయండి. ఇంటికి ఒక్క కారే అనుకుందాం. పొద్దున ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య సగం కార్లే బయటికి వచ్చాయనుకుందాం. గంటకు 300 కార్లు, అంటే 12 సెకన్లకు ఒకటి. ఆ పెద్దమ్మ పరదా ఎన్నిసార్లు మడవాలి? కోత మిషన్ ఎదురొస్తే ఆ వరుస ఎక్కడికి జరగాలి? పక్కన ఉన్నది పొలం గట్టు, కింద కాలువ.

ఇంత చిన్న లెక్క అనుమతి ఇచ్చేటప్పుడు ఎవరూ వేయరా? వేయరు. నాకు కోపం తెప్పించేది ఇదే. అనుమతి నిబంధనలు చూసేది గేటు ముందు రోడ్డు వెడల్పు. దాన్ని బిల్డర్ తన స్థలంలోంచే కొంత వదిలి వెడల్పు చేస్తాడు, కాగితం మీద సరిపోతుంది. ఆ వెడల్పు రోడ్డు రెండు వందల గజాల తర్వాత ఊరి బాటలోకి దిగుతుంది. అక్కడి నుంచి ఎవరి బాధ్యతా కాదు. ఊరి రోడ్డు పంచాయతీరాజ్ ఇంజినీర్లది, దాని తర్వాతది ఆర్‌అండ్‌బీది, ఆ పైన హైవే వాళ్లది. డెవలప్‌మెంట్ చార్జీలు కట్టించుకునేది మాత్రం వీళ్లెవరూ కాని కాకతీయ నగరాభివృద్ధి సంస్థ, అంటే 'కుడా'.

జనాన్ని అడగడం సంగతికి వద్దాం. మన ఉత్తర తెలంగాణలో గ్రానైట్ క్వారీల సంగతి అందరికీ తెలుసు. పెద్ద క్వారీ పెట్టాలంటే పబ్లిక్ హియరింగ్ జరగాలి. టెంటు వేస్తారు, అధికారులు కూర్చుంటారు, జనం మైకు గుంజుకుని తిడతారు, ఆ తిట్లయినా రికార్డు అవుతాయి. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు కూడా పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిందే. కానీ 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఇళ్ల ప్రాజెక్టులకూ టౌన్‌షిప్‌లకూ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. రాయి తీయడానికి ఊరిని అడగాలి, అదే రాయితో ఊరి పక్కన ఇంకో ఊరు కట్టడానికి అడగనక్కర్లేదు!

రద్దీకి ప్లాన్ వేయడం మనకు రాదా అంటే, అదీ కాదు. మేడారం జాతర నాలుగు రోజులే. రెండేళ్లకోసారే. దానికి ముందు నుంచే వన్‌వేలు, పార్కింగు స్థలాలు, బస్సులకో దారి, కార్లకో దారి నిర్ణయిస్తారు. నాలుగు రోజులకు అంత కసరత్తు చేసే యంత్రాంగం ఏడాదంతా ఉండే రద్దీకి ఒక్క కాగితం అడగదు.

ఎదుటివాళ్ల మాటలో నిజం లేకపోలేదు. నగరం పెరుగుతుంది, జనానికి ఇళ్లు కావాలి, పైగా ఆ భూములు అమ్మింది ఊరివాళ్లే. మా మామ తమ్ముడే రెండెకరాలు ఇచ్చాడు, కొత్త ట్రాక్టర్ కొన్నాడు, ఇప్పుడు ధర్నాలో ముందు వరుసలో కూర్చుంటున్నాడు. నవ్వండి, నేనూ నవ్వాను. కానీ ఆయన అమ్మింది తన పొలం. బాట అమ్మలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2022లో వరంగల్ చుట్టూ ఊళ్లలో వేల ఎకరాల ల్యాండ్ పూలింగ్‌కు (రైతుల భూములు కలిపి తీసుకుని, కొంత ప్లాట్లుగా తిరిగిచ్చే పద్ధతికి) కుడా సిద్ధపడితే రైతులు రోడ్డెక్కారు, సర్కారు వెనక్కి తగ్గింది. ఎందుకు తగ్గింది? ఒక్కో ఎకరానికి ఒక్కో పట్టాదారు ఉన్నాడు, చేతిలో పాసుబుక్కు ఉంది, వెనక కుటుంబం ఉంది. బాటకు పట్టాదారు లేడు. దాన్ని ఎంత మింగినా నష్టపరిహారం అడిగే సర్వే నంబరు లేదు. అందుకే 'ట్రాఫిక్' అనే పట్నం మాటను ఊరు అరువు తెచ్చుకుంది. ఆ మాటకైనా ఆఫీసులో చెవి ఒగ్గుతారేమోనని.

ఇది ఒక్క ఊరి కథ కూడా కాదు. 2013లో 42 గ్రామాలను వరంగల్ కార్పొరేషన్‌లో కలిపారు. ఆ ఊళ్లకు వెళ్లి చూడండి. సర్పంచ్ పోయాడు, గ్రామసభ పోయింది, ఇంటి పన్ను మారింది. బతుకమ్మ ఆడిన వాకిలి ముందు ఇప్పుడు టిప్పర్లు తిరుగుతాయి. నగరం ఊరిని కలుపుకునేటప్పుడు భూమిని లెక్కపెడుతుంది, మనుషులను లెక్కపెడుతుంది, మాట్లాడే చోటును మాత్రం లెక్కలోకి తీసుకోదు. డివిజన్‌కో కార్పొరేటర్ వస్తాడు, నిజమే. కానీ గ్రామసభలో లేచి నిలబడి 'ఇది మాకొద్దు' అన్న మనిషికి కార్పొరేషన్‌లో కుర్చీ ఎక్కడుంది? కుడా పరిధిలోకి వచ్చిన ఊళ్లది ఇంకా వింత పరిస్థితి. సర్పంచ్ ఉంటాడు, సభా ఉంటుంది, లేఅవుట్ విషయంలో ఆ సభ మాటకు విలువ ఉండదు.

ఊరివాళ్లు అడుగుతున్నదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 'ఇండ్లు కట్టొద్దంటలేం అల్లుడా, ముందు బాట ఎయ్యిమంటున్నం' అన్నాడు మామ. హైవే దాకా రెండు లైన్ల రోడ్డు పూర్తయ్యాకే ఇళ్లలోకి దిగడానికి సర్టిఫికెట్ ఇవ్వాలని, ఆ ఖర్చు బిల్డర్ కట్టే చార్జీల్లోంచే ఆ రోడ్డుకే పెట్టాలని వాళ్ల వినతిపత్రంలో ఉంది. కలెక్టరేట్‌లో ప్రజావాణికి రెండుసార్లు ఇచ్చారు. రెండు రసీదులూ మామ జేబులో ఉన్నాయి.

నవంబరులో నేను ఊరికి పోయిన ఆ రోజు తిరుగు ప్రయాణంలో నా వెనక సీట్లో ఆయనే కూర్చున్నాడు. ముందు కోత మిషన్, దాని ముందు వడ్ల ట్రాక్టర్. హనుమకొండ చేరేసరికి 40 నిమిషాలు పట్టింది. ఫ్లెక్సీ దగ్గర బండి ఆగినప్పుడు మామ దాన్ని కూడబలుక్కుని చదివి అడిగాడు: 'గీ పదిహేను నిమిషాలు ఏ నెలల కొలిచిన్రు అల్లుడా?'