ప్రభావాల సభలో కవితకేం పని?

విజయవాడలో ఆదివారం సాయంత్రం ఏ సభాభవనం తలుపు తోసినా లోపల ఒక కవి మాట్లాడుతూ కనిపించడం ఊరికి గర్వకారణమే గాని, ఆ కవి ఉన్నట్టుండి మాటలు ఆపి కవిత చదవడం మొదలుపెట్టే అలవాటు మాత్రం నానాటికీ ముదురుతున్నదని బాధ్యత గల శ్రోతగా చెప్పక తప్పడం లేదు. తన మీద ఎవరెవరి ప్రభావం ఉన్నదో ఆయన అప్పటిదాకా ఎంతో చక్కగా వివరిస్తూ వచ్చి ఉంటాడు. గురజాడ దగ్గర బయలుదేరి, కృష్ణశాస్త్రి దగ్గర కాసేపు నిట్టూర్చి, శ్రీశ్రీ దగ్గర గొంతు పెంచి, దేవరకొండ బాలగంగాధర తిలక్ దగ్గర తగ్గించి, చివరికి సముద్రాలు దాటి చిలీ దేశపు కవి నెరూడా దాకా చేరుకుంటాడు. సభ ఆయన వెంటే నడుస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడు జేబులోంచి ఫోను తీసి, "ఇప్పుడొక చిన్న కవిత వినిపిస్తాను" అంటాడు. అంతటి ప్రయాణం చేసి వచ్చిన జనానికి ఇంత చిన్న గమ్యం చూపించడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

గాంధీనగర్‌లోనూ మొగల్రాజపురంలోనూ గుంటూరు బ్రాడీపేటలోనూ జరిగే సభల్లో చివరి వరుస కుర్చీల నుంచి గమనించి ఈ మాట చెబుతున్నాను. సభ మొత్తాన్నీ చూడగలిగేది ఆ వరుసవాళ్లే. ప్రభావాల భాగం నడుస్తున్నంతసేపూ తలలు నిటారుగా ఉంటాయి. ఎందుకంటే ప్రతి శ్రోతా ఒక కవే, తాను చెప్పదలచుకున్న పేరును ముందు మాట్లాడేవాడు ఎక్కడ వాడేస్తాడోనన్న ఆందోళన ప్రతివారికీ ఉంటుంది. కవిత మొదలు కాగానే ఆ ఆందోళన పోతుంది, తలలు ఒంగి ఫోన్లలోకి దిగుతాయి. వేదిక మీద కవి కూడా ఫోనులోకే చూస్తూ ఉంటాడు గనుక ఆ కాసేపు హాలంతా ఒకే పనిలో ఉన్నట్టు కనబడుతుంది. ఆయన బొటనవేలితో తెరను పైకి తోసుకుంటూ చదువుతుంటాడు. వేలు జారి ఏడెనిమిది పాదాలు దాటిపోయినా అర్థానికి లోటు రాదు, చప్పట్లకూ లోటు రాదు. ఒక్కోసారి మధ్యలో ఇంటి నుంచి ఫోను వస్తుంది. కవి దాన్ని కట్ చేసి, ఎక్కడ ఆపాడో తెలియక మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు. వెనకటి కవులకు వన్స్ మోర్ అనే గౌరవం జనం ఇచ్చేవారు, ఇప్పుడు ఇంట్లోవాళ్లు ఇస్తున్నారు.

కొందరు పెద్దలు ఈ ప్రభావాల ప్రసంగాన్ని నేటి కవుల ఆత్మస్తుతిగా కొట్టిపారేస్తారు. అది తొందరపాటు. మన సాహిత్యంలో దీనికి పక్కా పునాది ఉన్నది. పూర్వం ప్రబంధం రాసినవాడు కథ ఎత్తుకునే ముందు అవతారిక అనే పీఠిక రాసేవాడు: మొదట ఇష్టదేవతా స్తుతి, తరవాత పూర్వకవి స్తుతి, ఆపైన కుకవి నింద, ఆ వెనక కృతిభర్త, అంటే కావ్యం అంకితం పుచ్చుకున్నవాడి వంశవర్ణన, చిట్టచివర అతడికి 'కు, కి' విభక్తితో అంకితం చెప్పే షష్ఠ్యంతాలు. నేటి సభ ఈ క్రమాన్ని పొల్లు పోకుండా పాటిస్తున్నది. జ్యోతి వెలిగించడం ఇష్టదేవతా స్తుతి. ప్రభావాల ప్రసంగం పూర్వకవి స్తుతి. హాలు అద్దె కట్టిన పెద్దమనిషి సేవాతత్పరతను, ఆయన తండ్రిగారి సేవాతత్పరతను, ఇంజనీరింగు చదువుతున్న కుమారుడి చురుకుదనాన్ని కొనియాడడం కృతిభర్త వంశవర్ణన. వెనక ఫ్లెక్సీలో శ్రీశ్రీ బొమ్మకన్నా ఆయన బొమ్మ పెద్దదిగా ఉండడం కూడా సంప్రదాయ విరుద్ధమేమీ కాదు. ఆ కావ్యాల్లోనూ పూర్వకవులకు ఒకటో రెండో పద్యాలు దక్కితే కృతిభర్త తాతముత్తాతలకు పేజీలకు పేజీలు దక్కేవి. వందన సమర్పణలో "మైకు వారికి, టీ వారికి, పత్రికల వారికి" అంటూ సాగే వరస అచ్చంగా షష్ఠ్యంతాలే, విభక్తితో సహా. కుకవి నింద ఒక్కటే వేదిక మీద వినబడదు. దాన్ని బయట టీ బండి దగ్గరికి మార్చారు. అక్కడ అది ఏ ప్రబంధంలోనూ లేనంత విస్తారంగా, పేర్లతో సహా జరుగుతుంది. ఇన్ని అంగాలూ సక్రమంగా ఉన్నప్పుడు, అసలు కథ లేదని నొచ్చుకునేవారికి అవతారిక విలువ తెలియదన్నమాట.

పైగా ఈ ప్రాంతానికి ఆ హక్కు వారసత్వంగా వచ్చింది. గుంటూరుకు దగ్గరి కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు, తాను ఒక్కో మాటు వేములవాడ భీమకవిలాగా ఉద్దండంగా, ఒక్కో మాటు నన్నయ దారిలో ప్రౌఢంగా, ఒక్కో మాటు తిక్కన తీరులో రసోచితంగా, ఒక్కో మాటు ఎర్రన ఠీవితో చెబుతానని ఒక సీసపద్యంలో ప్రకటించుకున్నాడు. నలుగురు కవులు, నాలుగు సీస పాదాలు, పని పూర్తి. ఆయన తెలివితక్కువతనమల్లా అక్కడితో ఊరుకోకుండా, కావ్యాల మీద కావ్యాలు రాసి ఆ మాట నిజమని రుజువు చేయడానికి జీవితం ఖర్చు పెట్టడం. నేటివారు ఆ దుబారాను మానేశారు.

ప్రభావానికి ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గర కూడా కట్టుబాట్లు లేకపోలేదు. ఆయన కాలం చేసి ఉండాలి. బతికి ఉన్న కవి పేరు చెబితే ఆయన సభలోనే ఉండి, లేచి నిలబడి, "నా ప్రభావమైతే ఇలా ఎందుకు రాశావయ్యా?" అని అడిగే ప్రమాదం ఉన్నది. పక్క కుర్చీలోని కవి ప్రభావం ఈ రెండు ఊళ్లలోనూ ఎవరి మీదా పడిన దాఖలా లేదు. ఇక, పేరు స్థలాన్ని బట్టి కూడా ఉండాలి. విశ్వనాథ సత్యనారాయణ, గుర్రం జాషువా ఇద్దరూ 1895 సెప్టెంబరులోనే పుట్టారు, ఆయన నందమూరులో, ఈయన వినుకొండలో. నేనెరిగిన ఒక కవిగారు పొద్దున విజయవాడ సభలో తన శిల్పమంతా విశ్వనాథ రామాయణ కల్పవృక్షం నీడలోనే పెరిగిందని చెప్పి, అక్కడే భోజనం చేసి, బస్సెక్కి కృష్ణ దాటి, సాయంత్రం గుంటూరు సభలో తనను మనిషిని చేసింది జాషువా గబ్బిలమేనని కళ్లు తుడుచుకున్నారు. రెండు చోట్లా చదివిన కవిత ఒక్కటే. అందులో రాముడూ లేడు, గబ్బిలమూ లేదు. సెల్‌ఫోను మీద విరహం ఉన్నది. దీన్ని అవకాశవాదమనడం అన్యాయం. 1941 నాటి జాషువా కావ్యంలో ఒక గబ్బిలం అంటరానివాడి గోడును దక్షిణదేశం నుంచి కైలాసం దాకా మోసుకుపోగా లేనిది, ఒక కవి తన గురువును బెజవాడ బస్టాండులో దింపి రావడం నేరమా?

శ్రీశ్రీ సంగతి వేరు. ఆయన మీద హక్కు చెప్పుకునే వారి సంఖ్య చూస్తే, ఒకే స్థలాన్ని నలుగురికి రిజిస్టరు చేసిన వ్యవహారం ఈ ప్రాంతంలో ఎవరికైనా గుర్తుకు రావలసిందే. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానానికి చలం యోగ్యతాపత్రం అనే ముందుమాట రాశాడు గాని, దాని ప్రభావానికి ఇంతవరకు ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, తీసినవారు లేరు. తీస్తే మొదటి కొనుగోలుదారు ఎవరో, తనఖాలు ఎన్నో, సరిహద్దు రాళ్లు ఎవరు కదిపారో తేలేది. చిత్రమేమంటే అందరి దస్తావేజులూ మహాప్రస్థానం నుంచే మొదలవుతాయి. అదే శ్రీశ్రీ 1928లో ప్రభవ అనే పద్యాల పుస్తకం వేసుకున్నాడని, పాత దారిలో చెయ్యి తిరిగాకే ఆ దారి విడిచిపెట్టాడని ఎవరూ ఎత్తరు. పద్యాన్ని వదిలేయాలంటే ముందది చేతికి చిక్కి ఉండాలన్న మాట సభలో అనడం మర్యాద కాదు. కుందుర్తి ఆంజనేయులు వచన కవితను ఒక ఉద్యమంగా నడిపింది కవిత్వం సామాన్యుడికి అందాలని. అందింది. సామాన్యుడు రాయడం మొదలుపెట్టాడు, చదవడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

విదేశీ ప్రభావానికి మర్యాద ఎక్కువ, తనిఖీ తక్కువ. నెరూడా తనను ఎలా కుదిపివేశాడో అరగంట చెప్పిన ఒక యువకవిని, చర్చా సమయంలో రిటైరైన తెలుగు మాస్టారొకరు లేచి, "నాయనా, నిన్ను అంతగా పట్టుకున్న కవిత ఏదో ఒక్కటి చెప్పు, నేనూ చదువుకుంటాను" అని అడిగారు. "మాస్టారూ, నెరూడా అంటే మొత్తం నెరూడానే అండీ, విడివిడిగా చెప్పలేం" అన్నాడు కవి. సభ చప్పట్లు కొట్టింది. మాస్టారు కూడా కొట్టారు, కాస్త ఆలస్యంగా. నిజానికి నెరూడా అన్నది ఆ మహాకవి పుట్టు పేరు కాదు. నెఫ్తాలీ రెయెస్ అనే చిలీ కుర్రవాడు, చెక్ రచయిత యాన్ నెరూడా పేరు చూసి పెట్టుకున్నాడని అంటారు. ప్రభావమంటే అంత సూటిగా ఉండాలి. మనవారు అంత దూరం వెళ్లరు. నోటితో ఎవరి పేరైనా చెబుతారు గాని, ఆహ్వానపత్రంలో తమ పేరే, ముందు బిరుదుతో సహా, పై వరుసలో ఉండాలంటారు.

ఇక, ఎవరూ బయటికి చెప్పని ప్రభావాలు కొన్ని ఉన్నాయి. ఈ కవుల్లో వయసు మళ్లినవారంతా పెళ్లి పందిట్లో లౌడ్‌స్పీకరు మీద ఘంటసాల గొంతులో పుష్పవిలాపం విని, పువ్వు కోయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నవారే. ఆ పద్యాలు రాసిన కరుణశ్రీ గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషే. తిరునాళ్లలో తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాల పద్యాలకు తెల్లవార్లూ మేలుకుని, కృష్ణుడు రాగం తీస్తుంటే ఈలలు వేసినవారే. 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఉగాదికి కవి సమ్మేళనం వేస్తుంటే పచ్చడి గిన్నెతో రేడియో ముందు కూర్చున్నవారే. వీరి ప్రతి కవితలోనూ మావిచిగురు, కోయిల జంటగా రావడానికి జర్మన్ భాషా కవి రిల్కే బాధ్యుడు కాడు. చిన్నవారి సంగతి ఇంకా తేలిక. వారి కవితలో ఏ సినిమా పాట పల్లవి ఎక్కడ ఆగి చరణం ఎక్కడ అందుకుంటున్నదో చివరి వరుసలోని నాబోటివాడికి కూడా తెలిసిపోతుంది. కాని మైకు ముందు నిలబడి పెళ్లి పందిరి ప్రభావం అని చెప్పుకుంటే ఏ అకాడమీ గుర్తిస్తుంది? అందుచేత ప్రభావం పడిన చోటు ఒకటి, చెప్పుకునే చోటు మరొకటి కావడాన్ని నేను తప్పుపట్టను. చిక్కల్లా కవిత దగ్గరే వస్తున్నది. కవి ఎంత జాగ్రత్తగా నెరూడా అని చెప్పుకున్నా, కవిత నోరు విప్పగానే లౌడ్‌స్పీకరు బయటపడుతుంది. తన వాంగ్మూలం అబద్ధమని నిరూపించే సాక్షిని తానే వెంటబెట్టుకుని బోను ఎక్కే ముద్దాయి కవి తప్ప మరొకరు ఉండరు.

కాబట్టి సభా నిర్వాహకులు ఇకపై కవి సమ్మేళనాలను ప్రభావ సమ్మేళనాలుగా మార్చి, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు ఇచ్చి, ఆ సమయంలో పేర్లు మాత్రమే చదవనివ్వాలని కోరుతున్నాను. అధ్యక్షులవారు "సమయం" అని రాసి పంపిన చీటీని చూసి, మడిచి, జేబులో పెట్టుకుని కొనసాగించే హక్కు కవికి ఇప్పటిలాగే ఉంటుంది. కవిత చదివి తీరాలని పట్టుబట్టే మొండివారికి వందన సమర్పణ తరవాత, షామియానావాళ్లు కుర్చీలు పేర్చుకునే సమయం కేటాయించవచ్చు. జాబితాలో చివరి పేరున్న కవికి ఇప్పుడు జరుగుతున్నది ఎలాగూ అదే. సంపుటాల విషయంలోనూ ఇదే పొదుపు పాటించవచ్చు. మూడు ముందుమాటలు, వెనక అట్ట మీది అభిప్రాయాలు ఉంచి మధ్య పేజీలు తీసేస్తే కాగితం కలిసివస్తుంది. లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణంలో "ఆత్మీయ మిత్రులకు ప్రేమతో" అని సంతకం ఉన్న సంపుటాలను తిరగేసి చూడండి. పెన్సిలు గీతలన్నీ ముందుమాటలోనే ఉంటాయి, అక్కణ్నుంచి పేజీలు కొత్త నోట్ల కట్టలాగే అంటుకుని ఉంటాయి.

ఈ ప్రతిపాదనను కొందరు కవిమిత్రులకు చూపించాను. కవిత తీసేయడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇతరుల కవితల విషయంలోనైతే హర్షం కూడా ప్రకటించారు. వచ్చిన అభ్యంతరమల్లా ఒక్కటే. ఇప్పటిదాకా కవిత ముగియగానే శాలువా కప్పుతున్నారు, కవితే లేకపోతే ఎప్పుడు లేచి రావాలో ఫొటోగ్రాఫరుకు ఎలా తెలుస్తుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నెరూడా పేరు వినబడగానే కప్పితే సరిపోతుందని సూచించాను గాని, ఒక్కో సభలో ఆ పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్క చూసుకున్న కోశాధికారిగారు అన్ని శాలువాలు తన వల్ల కాదని అంటున్నారు.