చెరువు ఎకరాల్లో ఉంది.. ఆరోగ్యంగా ఉందా?

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో అందరి నోటా ఒకటే నంబర్ వినిపిస్తుంది: 1,790. గండిపేట పూర్తి నీటిమట్టం అది, అడుగుల్లో. హిమాయత్‌సాగర్‌ది 1,763.50. మట్టం ఎంతకు చేరింది, గేట్లు ఎన్ని ఎత్తారు, మూసీలోకి ఎన్ని క్యూసెక్కులు వదిలారు.. అన్నీ ఫోన్లోకి వచ్చేస్తాయి. 1908 వరద తర్వాత ఆ జలాశయాలు కట్టింది ప్రధానంగా మూసీని అదుపు చేయడానికే కాబట్టి ఆ లెక్క పద్ధతిగా సాగుతోంది. కానీ ఆ నీళ్లలో ప్రాణులు ఎలా బతుకుతున్నాయి, పదేళ్ల కిందటితో పోలిస్తే పరిస్థితి మెరుగైందా, దిగజారిందా అని అడిగితే అంత సూటిగా చెప్పే అంకె మనకు దొరకదు.

ఈ లోటు ప్రపంచమంతా ఉంది. జీడీపీని లెక్కగట్టినట్టే అడవులు, చెరువులు, గడ్డి నేలలకూ ఖాతాలు రాయాలని ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2021 మార్చిలో ఒక పద్ధతిని ఆమోదించింది. అందులో విస్తీర్ణానికి ఒక ఖాతా, స్థితికి, అంటే ఎంత ఆరోగ్యంగా ఉందో దానికి, వేరే ఖాతా. ఇలాంటి ఖాతాలను ప్రయత్నించి చూసేందుకు ఐక్యరాజ్యసమితి చేపట్టిన ప్రాజెక్టులోని ఐదు దేశాల్లో మనమూ ఉన్నాం. విస్తీర్ణం సంగతి ఉపగ్రహం చూసుకుంటుంది. చిక్కంతా స్థితి దగ్గరే.

మన నగరంలో చెరువుల గొడవంతా విస్తీర్ణం గురించే. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) ఎక్కడిదాకా, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ ఎంత, శిఖం భూమి (చెరువు గర్భంలోని నేల) ఎవరి పేరున ఉంది.. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ మాటలు ఇంటింటికీ తెలిశాయి. ఆక్రమణలు తీసేయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే హద్దురాళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్న చెరువు కూడా లోపల చచ్చిపోయి ఉండొచ్చు.

పోయిన ఎండాకాలం మా ఇంటి దగ్గరి చెరువులో తెల్లారేసరికి చేపలు గుంపులుగా తేలాయి. ముందురోజు మధ్యాహ్నం చూసినవాళ్లకు నీళ్లు పచ్చగా ఉన్నాయి తప్ప వేరే తేడా కనిపించలేదు. ఆ పచ్చదనమే అసలు విషయం. మురుగు కలిసిన నీళ్లలో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలంతా ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ నాచు, చేపలు, బ్యాక్టీరియా అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. తెల్లవారుజాముకు దాదాపు ఏమీ మిగలకపోవచ్చు. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఇలాంటి చెరువులో మధ్యాహ్నం రెండింటికి శాంపిల్ తీస్తే అంతకు రెట్టింపు కూడా రావచ్చు. రిపోర్టులో చెరువు పాస్. తెల్లవారుజామున నాలుగింటికి అదే చెరువు ఫెయిల్. శాంపిల్ ఏ గంటకు తీశారో రాయకపోతే ఆ అంకెను నమ్మి నిర్ణయాలు తీసుకోలేం.

చేపలున్నాయి కదా అని సరిపెట్టుకోవడానికీ లేదు. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు; రవ్వ, బొచ్చెలకు ఆ వీలు లేదు. ఎన్ని చేపలున్నాయో చెబితే చాలదు, ఏవి మిగిలాయో చెప్పాలి. ఇక అడుగున పేరుకున్న బురద. ఏళ్ల తరబడి దిగిన ఫాస్ఫరస్ అందులోనే ఉంటుంది. పైనుంచి మురుగు ఆపేసినా, ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా అది మళ్లీ నీళ్లలోకి వస్తుంది. పైపైన ముంచిన సీసాలోకి ఈ చరిత్ర ఎక్కదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. స్థితి బాగుందా లేదా అనాలంటే దేనితోనో పోల్చాలి. కొన్ని దేశాల్లో మనిషి చెయ్యి పడకముందు సరస్సు ఎలా ఉండేదో దాన్నే కొలమానంగా తీసుకుంటారు. మన చెరువులకు ఆ మాట ఎలా కుదురుతుంది? అవి మనుషులు కట్టినవే. 1560లలో కట్ట వేయకముందు అక్కడ హుస్సేన్‌సాగరే లేదు. గొలుసుకట్టులోని మామూలు చెరువు వానలకు నిండుతుంది, మత్తడి దూకి కిందిచెరువుకు నీళ్లిస్తుంది, ఎండాకాలానికి వెనక్కి తగ్గుతుంది. అప్పుడు తేలిన బురదలో కొంగలు మేస్తాయి, రైతులు పూడిక మట్టిని పొలాలకు తోలుకుంటారు. ఎండడం దాని ఆరోగ్యంలో భాగం. ఇప్పుడు మురుగు పుణ్యాన మే నెలలోనూ నిండుగా ఉండే చెరువును ఉపగ్రహం చూస్తే ఏడాది పొడవునా నీళ్లున్నాయని నమోదు చేస్తుంది. గుర్రపు డెక్క కమ్మేస్తే పచ్చదనం పెరిగినట్టు చూపిస్తుంది.

పశువులు మేసే గడ్డి నేలలైన కంచలకు జరిగిన అన్యాయమూ ఇలాంటిదే. అటవీ సర్వే లెక్కలో ఒక హెక్టారుకు తగ్గకుండా, పది శాతం చెట్ల నీడ ఉన్న నేల అటవీ విస్తీర్ణం కింద చేరుతుంది. మామిడి తోట అయినా సరే. రాళ్లు, గడ్డి, ముళ్లపొదలతో నిండిన దక్కన్ కంచ ఎంత ఆరోగ్యంగా ఉన్నా చాలాచోట్ల ఆ గీత దాటలేదు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు, అది అడవేనా అన్న ప్రశ్న చుట్టూనే చాలా చర్చ తిరిగింది. మంచి కంచ ఎలా ఉండాలో ముందే రాసిపెట్టుకుని ఉంటే ఆ చర్చ వేరేలా సాగేది.

ఇన్ని కొలతలనూ కలిపి ఒకే మార్కు వేయాలన్న తొందర మరో ప్రమాదం. నీటి విస్తీర్ణానికి 0.9, పచ్చదనానికి 0.8, ఆక్సిజన్‌కు 0.1 అనుకుందాం. సగటు 0.6. అంటే ఫస్ట్ క్లాస్, చేపలు చచ్చినా సరే. యూరప్ నీటి చట్టంలో సరస్సు జీవావరణ స్థితిని సగటుతో కాదు, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంశంతో నిర్ణయిస్తారు. అది కఠినంగా ఉందని అక్కడ విమర్శలున్నాయి. నాకైతే మన చెరువులకు అదే కావాలి.

ఒక్కో చెరువుకు ఏది మంచి స్థితో నిర్ణయించేటప్పుడు, దాని మీద బతికినవాళ్లను కూర్చోబెట్టుకోవాలి. ఏ నెలలో తూము దగ్గర అడుగు కనిపించేదో, ఏ చేప ఎప్పుడు మాయమైందో మా దగ్గరి మత్స్యకారులు, రజకులు ఇప్పటికీ ఏళ్లతో సహా చెబుతారు. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటాయి. ఆ లెక్క రాసుకోవడానికి మనకు ఎక్కువ టైమ్ లేదు.