మా మేడ మీద పడని రాయి

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, వాటర్ ట్యాంకు పక్కన, కొబ్బరికాయంత నల్లరాయి ఒకటి కనిపించింది. వడియాలు పెట్టడానికి వెళ్లిన 402 వాళ్ల అత్తగారు మొదట చూశారు. ముందురోజు రాత్రి ఆకాశంలో ఏదో నిప్పులా జారిందని 301 కుర్రాడు అప్పటికే వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉన్నాడు. రెండూ కలుపుకుని అది ఉల్కేనని తేల్చడానికి మాకు ఐదు నిమిషాలు పట్టింది. పదింటికల్లా అసోసియేషన్ అత్యవసర సమావేశం. లిఫ్టు రిపేరు గురించి మూడేళ్లుగా కోరం కుదరని అసోసియేషన్ అది. ఆ రోజు కుర్చీలు చాల్లేదు.

ఎజెండాలో అంశం ఒక్కటే. రాయి ఎవరిది?

పై అంతస్తు 502 గారు లేచి, వానాకాలంలో కప్పులోంచి కారే నీళ్లన్నీ ఇన్నాళ్లూ తనవే అయినప్పుడు, రాయి మాత్రం అందరిదీ ఎలా అవుతుందని అడిగారు. టెర్రస్ కామన్ ఏరియా అని సెక్రటరీ గారు. టెర్రస్ హక్కులు అగ్రిమెంటులో తమవేనని బిల్డర్ గారి బావమరిది. అసలు తను చూడకపోతే అక్కడో రాయి ఉందని ఎవడికి తెలిసేదని 402 అత్తగారు. అద్దెకుండే 203 అబ్బాయి మెల్లగా "టెనెంట్లకు కూడా ఏమైనా వాటా..." అన్నాడు. అందరూ ఒకేసారి తిరిగి చూసేసరికి ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బయటికి వెళ్లిపోయాడు.

ఆ అబ్బాయి మీద జాలితో నేను నోరు జారాను. దీనికి పాత కేసు ఒకటి ఉందని చెప్పాను.

అమెరికాలో అలబామా రాష్ట్రం, సిలకాగా అనే ఊరు. 1954 నవంబర్ 30, మధ్యాహ్నం. ఒకావిడ సోఫాలో దుప్పటి కప్పుకుని కునుకు తీస్తోంది. దాదాపు 4 కిలోల రాయి ఇంటి కప్పు చీల్చుకుని వచ్చి, రేడియోకి కొట్టుకుని, ఎగిరి ఆవిడ నడుము పక్కన తగిలింది. కమిలిపోయి నల్లగా మచ్చ తేలింది కానీ ప్రాణానికి ఏమీ కాలేదు. ఆవిడ ఉంటున్నది అద్దె ఇల్లు. ఇంటి ఓనరమ్మ కోర్టుకెక్కింది: ఇల్లు నాది, కప్పు నాది, కప్పులోంచి వచ్చిన రాయీ నాదే. తగిలింది నాకు, దేవుడు నాకోసమే పంపాడు అని ఈవిడ వాదన. రెండూ సబబుగానే ఉన్నాయి, వచ్చిన చిక్కే అది. చివరికి ఓనరమ్మకు 500 డాలర్లిచ్చి రాజీపడ్డారు. ఈ తగవు తెమిలేసరికి ఊళ్లో వేడి చల్లారిపోయింది, కొనేవాడు లేడు. మనిషికి తగిలిందని రుజువులతో సహా నమోదైన ఆ రాయిని ఆవిడ కొన్నాళ్లు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుని, 1956లో మ్యూజియానికి ఇచ్చేసింది.

అదే రాయికి తోబుట్టువు ఇంకోటి దగ్గర్లోనే పడింది. కట్టెలు తోలుకెళ్తున్న ఒక రైతు కంచరగాడిద దాన్ని చూసి బెదిరి ఆగిపోయింది. ఆయన దాన్ని పక్కకు నెట్టేసి ఇంటికెళ్లాడు. తర్వాత ఈ కబురు విని వెనక్కి వచ్చి తెచ్చుకున్నాడు. ఊళ్లో ఎవరికీ చెప్పకుండా ఒక్క పోస్ట్‌మన్‌కే చెప్పాడు. ఆ రాయి అమ్మిన డబ్బుతో ఆయన ఇల్లూ కారూ కొనుక్కున్నాడు. దెబ్బ తిన్నావిడకు తలుపు అడ్డు, నోరు మూసుకున్నాయనకు కారు. కంచరగాడిదకు ఏమీ రాలేదు, కారు వచ్చాక దానికి పనే తగ్గి ఉంటుంది.

ఇక్కడిదాకా విన్నాక 402 అత్తగారు, "అయితే అందరికీ చెప్పి తప్పు చేశానన్నమాట" అన్నారు.

నిజానికి ఆవిడ తప్పు అంతకంటే పెద్దది. ఆ రాయి దేనికీ తగల్లేదు.

ఉల్కల వ్యాపారం లోతుపాతులు తెలియనివాళ్లు రాయిలో విలువ ఉంటుందనుకుంటారు. మామూలుగా ఉల్కరాయి వయసు దాదాపు 456 కోట్ల ఏళ్లు, భూమి కన్నా పెద్దది, నిజమే. కానీ ఆ వయసు రాళ్లు ఎన్ని లేవు? మెత్తటి దుక్కిలో పడి ఎవరికీ హాని చేయని రాయి నెమ్మదస్తుడైన అల్లుడి లాంటిది, ఎవరూ లెక్కచేయరు. ధర పలకాలంటే ఏదో ఒకటి పగలగొట్టాలి. అలా పగలగొట్టిన రాళ్లకు ఈ వ్యాపారంలో 'హ్యామర్' అని బిరుదు. సుత్తి అన్నమాట. తెలుగులో సుత్తికి వేరే అర్థం ఉంది కానీ, ధర విన్నాక అది కూడా చెవికి ఇంపుగానే ఉంటుంది.

1992 అక్టోబర్ 9, శుక్రవారం రాత్రి. న్యూయార్క్ దగ్గర పీక్‌స్కిల్‌లో ఇంటి ముందు పెట్టిన పాత షెవ్రోలే మాలిబు కారు డిక్కీలోంచి 12 కిలోల రాయి దిగి నేలకు తగిలింది. మూడు నాలుగు వందల డాలర్లకు కొన్న సెకండ్‌హ్యాండ్ బండి అది. చిల్లు పడ్డాక వేల డాలర్లకు అమ్ముడుపోయి, దేశదేశాల ప్రదర్శనలకు తిరిగింది. బంపర్ మీద గీత పడిందని నా బండికి ఎనిమిది వేలు తగ్గించిన బ్రోకర్‌ను ఇప్పుడు నిలదీయాలనిపిస్తోంది. గీత పెట్టింది ఆటో కాకుండా గ్రహశకలమైతే ఆయన లెక్క ఎలా ఉండేది?

1984లో జార్జియా రాష్ట్రం క్లాక్స్‌టన్‌లో ఒక పోస్టు డబ్బాను ఇలాగే రాయి పడగొట్టింది. ఆ సొట్టపోయిన డబ్బా 2007 వేలంలో సుమారు 83 వేల డాలర్లు పలికింది. 2019 ఏప్రిల్ 23 రాత్రి కోస్టారికాలో అగ్వాస్ సార్కాస్ అనే చోట రాళ్లు కురిశాయి. వాటిలో ఒకటి రోకీ అనే జర్మన్ షెపర్డ్ కుక్క గూడు కప్పులోంచి దూసుకెళ్లింది. రోకీకి చిన్న గీత కూడా పడలేదు. తుప్పు రేకు, చిల్లుతో సహా ఆ గూడును 2022 ఫిబ్రవరిలో క్రిస్టీస్ వేలం సంస్థ 44,100 డాలర్లకు అమ్మింది. అప్పటి లెక్కన మన రూపాయల్లో 33 లక్షలు. మా సందులో వన్ బీహెచ్‌కే ఆ ధరకు రాదు.

మధ్యతరగతికి జరుగుతున్న అన్యాయం ఇక్కడే ఉంది. ఇరవై ఏళ్లు లోన్ కట్టి ఆర్‌సీసీ స్లాబ్ వేయించుకున్నవాడికి ఈ మార్కెట్‌లో చోటు లేదు. ఐదంగుళాల స్లాబ్ మీద పడిన రాయి తనే ముక్కలవుతుంది. కథ పుట్టదు, చిల్లు పడదు, వేలం జరగదు. రేకుల కప్పు ఉన్నవాడిదే అదృష్టం. ప్రభుత్వం వెంటనే స్పందించి ప్రతి అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదా ఒక రేకుల షెడ్డు, అందులో ఒక కుక్క ఉండేలా భవన నిబంధనలు సవరించాలి.

రేకుల కప్పంటే గుర్తొచ్చింది. 2020 ఆగస్టు 1న ఇండోనేషియాలో ఉత్తర సుమత్రాలోని కోలాంగ్‌లో, శవపేటికలు చేసే ఒక వడ్రంగి ఇంటి రేకులోంచి 2 కిలోల పైచిలుకు రాయి దిగింది. తవ్వి తీసేసరికి ఇంకా గోరువెచ్చగా ఉంది. నవంబర్ వచ్చేసరికి ప్రపంచ పత్రికలన్నీ ఆయన్ని కోటీశ్వరుణ్ని చేసేశాయి. పద్నాలుగు లక్షల పౌండ్లు, మన లెక్కలో దాదాపు 14 కోట్లు! ఆ లెక్క ఎలా వచ్చిందయ్యా అంటే, గ్రాములో మూడో వంతు లేని ముక్క ఒకదానికి ఎవరో ఆన్‌లైన్‌లో ఒక ధర పెట్టారు. దాన్ని పట్టుకుని మొత్తం బరువుతో గుణించేశారు. మా పెద్దమ్మ కొడుకూ ఇంతే. హైవే పక్క వెంచర్‌లో గజం రేటు విని, ఊళ్లో తాతగారి రెండెకరాల చెలకను గజాల్లో గుణించి, ఆ సాయంత్రమే ఉద్యోగం మానేస్తానన్నాడు. ఆ వడ్రంగి చేతికి నిజంగా వచ్చింది సుమారు 14 వేల డాలర్లు, పది లక్షల రూపాయలు. తక్కువేం కాదు. కానీ పది లక్షలతో హెడ్డింగ్ రాదు.

ఇక ఉల్కల వేటగాళ్ల సంగతి. రాయి చల్లారేలోపు వీళ్లు విమానం దిగుతారు. వానల్ని చూసే రాడార్లలోనే రాలుతున్న రాళ్ల జాడ వెతికి, పెద్దవి ముందుకు, చిన్నవి వెనక్కి పడతాయనే లెక్కతో కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత గీసుకుని, తలలు వంచుకుని నడుస్తారు. 2012 ఏప్రిల్ 22న కాలిఫోర్నియాలో రాళ్లు రాలిన చోటు సటర్స్ మిల్. 1848లో బంగారం దొరికి జనం పొలోమని పరిగెత్తిన చోటే అది. నూట అరవై నాలుగేళ్ల తర్వాత మళ్లీ అదే పరుగు. ఈసారి గ్రాము వెయ్యి డాలర్ల దాకా పలుకుతోందని పత్రికలు రాశాయి. బంగారం దాని ముందు కందిపప్పు. పీటర్ జెనిస్కెన్స్ అనే శాస్త్రవేత్తకు పార్కింగ్ స్థలంలో ఒక రాయి దొరికింది, అప్పటికే ఎవరిదో కారు దానిమీంచి వెళ్లిపోయింది. కోట్ల మైళ్లు క్షేమంగా వచ్చి పార్కింగ్‌లో టైరు కింద పడడం ఎంత ఘోరం! బెలూన్‌లా గాల్లో తేలే ఎయిర్‌షిప్పు ఎక్కి మరీ వెతికారు. అందరికీ కలిపి దొరికింది కిలో లోపే.

మన జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్లు తొలకరి ఎప్పుడు పడుతుందా అని చూస్తారు. వీళ్లకు మాత్రం మబ్బు కనిపిస్తే గుండె దడ. తడిస్తే రాయిలోని ఇనుము తుప్పు పడుతుంది, కొన్ని ఖనిజాలు కరిగి పాడవుతాయి. వానకు ముందు ఏరిన రాయి, వాన తర్వాత ఏరిన రాయి అని ధరలో తేడా. మామిడికాయ పచ్చడికి కూడా ఇంత తడి పట్టింపు ఉండదు.

కొన్నాక దానికి పేరు, గుర్తింపు కావాలి. అందుకు అంతర్జాతీయ ఉల్కల సంఘం ఉంది. 20 గ్రాములు లేదా మొత్తంలో 20 శాతం, ఏది తక్కువైతే అది, శాస్త్ర పరిశోధనకు జమచేస్తే గానీ అధికారికంగా ఉల్క కాదు. అంతవరకూ అది ఆధార్ లేని రాయి. పేరు కూడా వాళ్లిష్టం కాదు, పడిన ఊరి పేరే. ఆ లెక్కన 1852లో నెల్లూరు దగ్గర యాటూరులో పడ్డ రాయి ఇప్పటికీ ప్రపంచ జాబితాలో యాటూరే. మన ఊళ్ల పేర్లు మారుతుంటాయి కానీ రాళ్లవి మారవు.

2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీద పేలిన ఉల్క వల్ల దాదాపు 1500 మంది గాయపడ్డారు, ఎక్కువమందికి పగిలిన కిటికీ అద్దాల వల్లే. గాయాలకు కట్లు కట్టే లోపే ఆన్‌లైన్‌లో రాళ్ల అమ్మకం మొదలైంది. అందులో ఆకాశంవి ఎన్నో, రోడ్డు పక్క కంకర ఎంతో. చెరువులోంచి తీసిన పెద్ద బండను తూస్తుంటే 570 కిలోల దగ్గర కాటానే విరిగిపోయింది. ఈ మొత్తం వ్యాపారంలో నిజాయితీగా చేతులెత్తేసింది ఆ కాటా ఒక్కటే.

నకిలీలలో మనం తక్కువ తినలేదు. పిడుగు పడిన రాగి చెంబు, బియ్యం గింజల్ని లాగుతుంది, నాసా వాళ్లు కోట్లు పెట్టి కొంటారు అని రైస్ పుల్లర్ ముఠాలు ఏళ్లుగా జనాన్ని ముంచుతున్నాయి. మా బాబాయ్ 'టెస్టింగ్ ఫీజు' కింద రెండు లక్షలు కట్టాడు. వెండిరంగు సూటు వేసుకుని సైంటిస్టు కూడా వచ్చాడట. ఇప్పటికీ బాబాయ్ బాధ డబ్బు పోయిందని కాదు, ఆ సైంటిస్టుకు చేపల పులుసు పెట్టామని.

ఇన్ని చెప్పాను కాబట్టి ఒక దుర్వార్త కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరి 28న ఇంగ్లండ్‌లో వించ్‌కూమ్ అనే ఊళ్లో ఒక కుటుంబం ఇంటి ముందు అరుదైన ఉల్క పడింది. పొద్దున్నే చేతికి గ్లవ్స్ తొడుక్కుని పొడితో సహా కవర్లలోకి ఎత్తి, మ్యూజియానికి ఊరికే ఇచ్చేశారు. ఊరికే! ఇలాంటివాళ్ల వల్ల మార్కెట్ ఏమైపోవాలి?

ఇండియాలో అయితే రాయి జియలాజికల్ సర్వేకి చేరుతుంది, 2017లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడింది అలాగే వెళ్లింది అని నేను అన్నాక మా సమావేశంలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్లం పరీక్షకు దిగాం. ఫ్రిజ్ మీది తిరుపతి అయస్కాంతం పెడితే అంటుకుంది. 502 గారు దండం పెట్టారు. కానీ ఇనుము ఉన్న మామూలు రాళ్లు చాలావాటికి కూడా అయస్కాంతం అంటుకుంటుంది. రాయిని బాత్రూమ్ టైల్ వెనక గరుకు వైపు గీస్తే ఎర్రటి చార పడింది, అది మంచి శకునం కాదు. సెక్రటరీ గారి సుత్తితో మూల కొడితే లోపలంతా బుడగలు, జొన్నరొట్టె విరిచినట్టు. ఆకాశం నుంచి వచ్చేదానికి బుడగలు దాదాపు ఉండవు. కొలిమిలో మిగిలే ఇనుప చిట్టెం అది.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అప్పుడు మెట్ల దగ్గర నిలబడి ఉన్న వాచ్‌మన్ యాదగిరి గొంతు సవరించుకున్నాడు.

"సార్, అది నాది. టెర్రస్ తలుపు గాలికి కొట్టుకుంటుంటే అడ్డం పెట్టిన. మొన్న ట్యాంకు కడిగేటప్పుడు పక్కకి జరిపిన. పనైపోతే ఇయ్యండి, రాత్రి తలుపు దబదబా కొట్టుకుంటే 502 అమ్మగారు నన్నే తిడతరు."

రాయి ఇచ్చేశాం. మూల విరిగినందుకు అసోసియేషన్ నష్టపరిహారం ఇవ్వాలా వద్దా అన్న అంశం మీద వచ్చే ఆదివారం మళ్లీ సమావేశం ఉంది. లిఫ్టు సంగతి ఆ తర్వాత.