నొప్పి ఎంత అని అడక్కండి

దవడల ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే నర్సమ్మ వచ్చి "నొప్పి పదికి ఎంత?" అని అడిగింది. అబద్ధం ఎందుకని రెండు వేళ్లు చూపించాను. ఆవిడ కాగితం మీద 2 వేసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటికి నా ముక్కు రెండు వైపులా రక్తం గడ్డకట్టి మూసుకుపోయి ఉంది. పై పళ్లనూ కింది పళ్లనూ కలిపి రబ్బరు బ్యాండ్లతో బిగించేశారు. నాలుక పిడచకట్టుకుపోయింది. కింది పెదవి అసలు ఎక్కడుందో తెలియదు, దాని మీంచి చొంగ కారి మెడ దగ్గర గౌను తడిసి ముద్దయింది. వీటిలో ఏదీ నొప్పి కాదు. అందుకని ఏదీ కాగితం మీదికి ఎక్కలేదు.

అప్పటినుంచి రాయాలనుకుంటున్న పోస్టు ఇది. ఇప్పటికి తీరిక దొరికింది.

నాకు కింది దవడ ముందుకు ఉండేది. ముందు పళ్లు ఒకదానికొకటి తగిలేవి కావు. జామకాయ కొరకాలన్నా పక్క పళ్లతోనే. ఏడాదిన్నర క్లిప్పులు వేసుకుని, ఈ మే నెలలో విశాఖలో రెండు దవడలూ కోయించుకున్నాను. ఎముకను కోసి, సరైన చోటికి జరిపి, టైటానియం ప్లేట్లు పెట్టి స్క్రూలతో బిగిస్తారు. "అందం కోసమా?" అని అడిగినవాళ్ల సంగతి ఇంకోసారి రాస్తాను. అందం కోసమే అయితే మాత్రం మీకేం పోయింది?

ఆపరేషన్‌కి ముందు నేను డాక్టరుగారిని నాలుగుసార్లు అడిగింది ఒకటే, నొప్పి ఉంటుందా అని. "పెద్దగా ఉండదమ్మా" అన్నారు. ఆయన నిజమే చెప్పారు. కింది దవడ ఎముక లోపలినుంచి పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం పోతుంది. ఎముక కోసేటప్పుడు అది సాగుతుంది, నలుగుతుంది. దాంతో అక్కడంతా మొద్దుబారిపోతుంది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, కొందరికి కొంచెం మొద్దుతనం ఉండిపోతుంది కూడా. స్పర్శే లేని చోట నొప్పి ఎక్కణ్నుంచి వస్తుంది? నేను అడిగిన ప్రశ్నే తప్పు. దాహం గురించి అడగాల్సింది. నిద్ర గురించి, ఊపిరి గురించి, చొంగ గురించి అడగాల్సింది. తెలియనివాళ్లం, మాకేం అడగాలో ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు ముందే చెప్పాలి కదా.

చెప్పింది ఏమిటంటే, డిశ్చార్జి కాగితంలో "లిక్విడ్ డైట్" అని రెండు మాటలు. దాని కింద "నోటి శుభ్రత". దాని కింద వారం తర్వాత రమ్మని తారీఖు. అంతే. అది పట్టుకుని కారులో విజయనగరం వచ్చాం. దారిలో స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాను, ఒక్కోదానికి ఒక్కోసారి గడ్డం చేత్తో పట్టుకోవాలి మరి.

ఇంటికొచ్చాక తెలిసింది, లిక్విడ్ డైట్ అంటే తాగడం కాదని. పెదవులు మూయడం రాదు, గ్లాసు అంచు పెదవికి తగిలిందో లేదో తెలియదు. స్ట్రాతో పీల్చొద్దన్నారు. మిగిలింది సిరంజి. మా వీధి మెడికల్ షాపులో పది ఎంఎల్‌వి ఉన్నాయి. దానితో ఒక గ్లాసు పాలు తాగాలంటే ఇరవైసార్లు నింపాలి. నాన్న ఊరంతా తిరిగి గంటస్తంభం దగ్గర ఎక్కడో యాభై ఎంఎల్‌ది సంపాదించారు, కొసకి సన్నటి రబ్బరు గొట్టం తగిలించారు. ఆ గొట్టాన్ని చెంపకీ పళ్లకీ మధ్యనుంచి చివరి పన్ను వెనక్కి పోనిచ్చి మెల్లగా నొక్కాలి. గట్టిగా నొక్కితే ఉక్కిరిబిక్కిరి. మరీ మెల్లగా నొక్కితే సగం గడ్డం మీదే. మొదటి గ్లాసుకి నలభై నిమిషాలు పట్టింది. రోజుకి ఎనిమిది గ్లాసులు అనుకోండి, ఒక్కో గ్లాసుకి అరగంట వేసుకున్నా నాలుగు గంటలు తాగడానికే సరి. ప్రతి గ్లాసు తర్వాతా గోరువెచ్చటి ఉప్పునీళ్లతో నోరు కడగాలి, లేకపోతే కుట్ల దగ్గర మురికి చేరుతుంది. పొద్దునా రాత్రీ క్లోర్‌హెక్సిడిన్ మందు. అది వాడినన్నాళ్లూ మంచినీళ్లు కూడా ఇనుపగిన్నెలో తాగినట్టే ఉంటాయి. దీన్ని పట్టుకుని "రెస్ట్ తీసుకుంటున్నావా" అంటారు. ఇంత పని నేను ఉద్యోగంలో చేసి ఎరగను.

ఇంకో సంగతి. పెదవికి స్పర్శ లేదు కాబట్టి వేడి తెలియదు. చంటిపిల్లల పాలు చూసినట్టు ముంజేతి మీద చుక్క వేసి చూసుకున్నాకే నోట్లోకి పోనివ్వాలి. బిళ్లలు మింగలేం. పొడి చేద్దామని అమ్మ రోలు తీస్తే, గ్యాస్ బిళ్ల పొడి చేయకూడదని షాపబ్బాయి ఆపాడు. అవన్నీ డాక్టరుగారికి ఫోన్ చేసి సిరప్పులుగా మార్పించుకున్నాం. ఈ మాట డిశ్చార్జి రోజున చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదా?

ఇక పథ్యం. అసలు మంట నాకు ఇక్కడే.

కోసిన ఎముక అతుక్కోవాలంటే ప్రొటీన్ కావాలి. మా ఇంటికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ వద్దన్నది కూడా సరిగ్గా వాటినే. "కుట్లున్నప్పుడు పప్పు పెట్టకండమ్మా, చీము పడతాది." "గుడ్డు వేడి." "పెరుగు జలుబు." మరి ఏం పెట్టాలి? పప్పు మీది తేట, కొబ్బరి నీళ్లు, గ్లూకోజు. మూడు రోజులు అవే తాగాను. పప్పు తేటలో పప్పు రంగు ఉంటుంది కానీ పప్పు ఉండదు. నాలుగో రోజు లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. అమ్మ భయపడి ఫోన్ చేస్తే డాక్టరుగారు నవ్వారు. పప్పు తిని ఎవరికీ చీము పట్టదు, అన్నీ మిక్సీ పట్టి ఇవ్వండి అన్నారు. గుడ్డుకి ఆరు గ్రాముల ప్రొటీన్, గ్లాసు పాలకి ఆరేడు గ్రాములు. ఆ రోజునుంచి మెత్తగా ఉడికించి మెదిపిన పప్పు, పలాస జీడిపప్పు పొడి వేసిన పాలు, నెయ్యి దండిగా పోసిన చారు. ఉడికించిన గుడ్డును చారులో వేసి మిక్సీ కొట్టారు, దాని వాసన గురించి నేను ఇక్కడ రాయను. అయినా తాగాను. ఇంత చేసినా మొదటి పది రోజుల్లో నాలుగు కిలోలు పోయాయి.

ఇందులో నాకు అక్కరకొచ్చింది మా మామ్మ. ఆవిడకి నోట్లో పన్ను లేక ఇరవై ఏళ్లు. కట్టుడు పళ్లు పెట్టించినా డబ్బాలోనే ఉంటాయి. "పళ్లు లేనోళ్ల తిండి నాకు ఒగ్గేయండి" అని వంటింట్లోకి వెళ్లింది. చోడి (రాగి) అంబలి పలచగా కాచి, మజ్జిగ కలిపి, తాతగారి పాత పొందూరు ఖద్దరు పంచె చింపి మరిగే నీళ్లలో ఉడికించి, ఆ గుడ్డలో వడగట్టింది. సిరంజిలో ఒక్కసారి కూడా అడ్డం పడలేదు. సువర్ణరేఖ మామిడిపళ్ల రసం కూడా అలాగే, పీచు మొత్తం గుడ్డలో ఉండిపోయేది. మే నెలలో ఇంటినిండా మామిడిపళ్ల వాసన పెట్టుకుని నోరు కట్టేసుకోవడం ఎంత నరకమో ఉత్తరాంధ్రవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పైగా అదే వారం పక్కింట్లో ఆవకాయ కలిపారు.

మాట్లాడలేను కాబట్టి మా అప్ప కూతురి పలక తీసుకున్నాను. మామ్మకి చదువు రాదు. ఆవిడే ఒక పద్ధతి పెట్టింది. మంచం పట్టె మీద ఒకసారి తడితే నీళ్లు, రెండుసార్లు తడితే తుడవడానికి గుడ్డ, మూడుసార్లు తడితే అందరినీ బయటికి పంపెయ్. మూడో సంకేతం ఎక్కువ వాడుకున్నాను.

ఎందుకంటే చుట్టాలు. పరామర్శ మన దగ్గర పెద్ద మర్యాద, కాదనను. రాకపోతే బాధపడేది మనమే. కానీ నోటి ఆపరేషన్ అయిన మనిషి దగ్గరికి వచ్చి ప్రశ్నలు వేస్తే ఎలా? "ఓలమ్మ, ఇదేటిది, ముఖం ఇలగైపోనాది!" గుమ్మంలోనే మొదటి మాట. తర్వాత "నొప్పుందేటి?" లేదని తల ఊపితే "అయితే మరింకేటి" అని కుర్చీ లాక్కుని కూర్చుంటారు. చేతిలో యాపిల్స్, బ్రెడ్డు, బిస్కెట్ పొట్లాలు. ఒకావిడ కొత్తావకాయ చిన్న సీసా తెచ్చి, "నోరు చప్పబడిపోయుంటాది, నాలిక్కి రాసుకో" అంది. ఆవిడ ప్రేమను మాత్రం నేను తప్పుపట్టను, ఆ సీసా ఇప్పటికీ దాచుకున్నాను. ఒక బాబాయి మాత్రం "ఆడపిల్ల నోరు కట్టేశారా, ఇంకేం, ఇంట్లో హాయి" అన్నాడు. అదే జోకు ఆ వారంలో ఐదుగురు వేశారు, ఐదుగురూ తామే మొదట కనిపెట్టినట్టు నవ్వారు. నేను నవ్వితే పై పెదవి లోపల కుట్లు లాగుతాయి. అదృష్టం, ఆ జోకుకి నవ్వు రాలేదు.

మూడో రోజు గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను. వాపు మొదటి రోజు కంటే రెండో రోజు, రెండో రోజు కంటే మూడో రోజు ఎక్కువ. ఆ తర్వాతే దిగడం మొదలవుతుంది. నాకు తెలియదు కదా, రోజురోజుకీ పెరుగుతుంటే ఏదో చెడిపోయిందనుకున్నాను. మూడో రోజు అద్దంలో మా పెద్ద మేనమామ కనిపించాడు. వాపు తగ్గడానికి ఇచ్చిన స్టెరాయిడ్ ఆపేశారు, నిద్ర లేదు, కడుపులో ఏమీ లేదు. ఆ మూడూ కలిసి సాయంత్రం కారణం లేకుండా ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్కు మూసుకుపోతుంది. పై దవడ కోశారు కాబట్టి రెండు వారాలు ముక్కు చీదకూడదు. ఏడవడానికి కూడా వీల్లేని ఆపరేషన్ ఇది.

రాత్రుళ్లు ఇంకా కష్టం. తల ఎత్తులో ఉండాలని వాలుకుర్చీలో పడుకునేదాన్ని. కరెంటు పోతే ఫ్యాన్ లేదు, చెంపలకి పెట్టుకునే ఐసు లేదు. ముక్కు మూసుకుపోయి, పళ్లు బిగించి ఉంటే కునుకు పట్టగానే ఊపిరి ఆడనట్టు ఉలిక్కిపడి లేచేదాన్ని. నిజానికి పళ్ల సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది, మెల్లగా పీలిస్తే సరిపోతుంది. ఆ మాట మనసుకి తెలియడానికి నాలుగు రాత్రులు పట్టింది. వాంతి వస్తే ఎలా అని ఇంకో టెన్షన్. కడుపులో ఉన్నదంతా నీళ్లే కాబట్టి ముందుకు వంగితే సందుల్లోంచి బయటికి పోతుందట. అవసరమైతే బ్యాండ్లు కత్తిరించమని చిన్న కత్తెర ఇచ్చారు, దాన్ని తాడు కట్టి మెళ్లో వేసుకున్నాను. మామ్మ చూసి సంతోషించింది. బాలింతల పక్కన ఇనుపముక్క పెట్టినట్టే అనుకుంది. "ఇనుము దగ్గరుంటే మంచిదే" అంది. నేను పలక మీద ఏమీ రాయలేదు.

నిద్ర పట్టక ఫోన్‌లో చదువుకునేదాన్ని. పై దవడ కోసే గీతకి లెఫోర్ట్ వన్ అని పేరు. రెనె లెఫోర్ట్ అనే ఫ్రెంచ్ సర్జన్ శవాల తలల మీద దెబ్బలు కొట్టి, ముఖం ఎముకలు ఎక్కడెక్కడ చీలతాయో చూసి 1901లో రాశాడట. అర్ధరాత్రి రెండింటికి, దోమల మధ్య, ఆ గీత వెంటే కోయించుకున్న మనిషి చదవాల్సిన విషయం కాదు. చదివేశాను.

ఆసుపత్రులవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఆపరేషన్‌కి వారం ముందు తెలుగులో ఒక్క కాగితం ఇవ్వండి. పెద్ద సిరంజి, గొట్టం, పెదవులకి వాజెలిన్, చంటిపిల్లల బ్రష్షు, చిన్న కత్తెర ముందే కొని పెట్టుకోమనండి. వాపు మూడో రోజుకి పెరుగుతుందనీ, తగ్గాల్సిన వాపు వారం దగ్గర పడ్డాక మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, ఎర్రటి రక్తం ఆగకుండా కారినా, నిజంగా ఊపిరి అందకపోయినా వెంటనే ఫోన్ చేయమనీ రాయండి. పప్పు తినొచ్చని పెద్ద అక్షరాలతో రాయండి, మా వీధిలో గోడకి అంటిస్తాను. పొద్దున్నే వచ్చే నర్సమ్మ నొప్పి పదికి ఎంత అని అడిగాక వెళ్లిపోకుండా, ఎన్ని నీళ్లు తాగావు, ఎంతసేపు పడుకున్నావు అని కూడా అడిగితే బాగుంటుంది. ఆ రోజు ఆ రెండూ అడిగుంటే రెండు చేతులూ ఊపి చెప్పేదాన్ని.

చూడ్డానికి వచ్చేవాళ్లు రండి. ప్రశ్నలు మాత్రం ఇంట్లోవాళ్లని అడగండి. కాసేపు కూర్చుని మీ ఊరి కబుర్లు మీరే చెప్పండి, వినడానికి చెవులు బాగానే ఉన్నాయి. యాపిల్స్ బదులు జీడిపప్పు తెండి.

ఇప్పుడు రెండు నెలలు దాటింది. మెత్తటి అన్నం, ఇడ్లీ తింటున్నాను. ముందు పళ్లు కలుస్తున్నాయి. గడ్డం మాత్రం ఇంకా నాది కాదు. నిన్న కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి ఇడ్లీ తింటుంటే పక్కనున్న పెద్దాయన రెండుసార్లు నా వైపు చూసి, మొహమాటపడుతూ తన గడ్డం మీద వేలు పెట్టి చూపించాడు. చట్నీ. తుడుచుకుని థ్యాంక్స్ చెప్పాను. "పంటి నొప్పేటమ్మా?" అన్నాడు. లేదండీ, నొప్పేం లేదు అన్నాను.