'ఆ' అంటే అంగీకారమే!

నోట్లో నువ్వుగింజ నానని వాళ్లు పూర్వం ఏ వీధికో ఒకరు ఉండేవారు. ఇప్పుడు దంతవైద్య కళాశాలలు వారిని తరగతుల లెక్కన తయారు చేస్తున్నాయి. కాకపోతే నానని గింజ వాళ్ల నోట్లోది కాదు, రోగి నోట్లోది.

నిన్న రాత్రి నా ఫోనులోకి ఒక రీల్ వచ్చి పడింది. కుర్చీలో ఒక పెద్దాయన. రిట్రాక్టర్ ఆయన పెదవులను చెవుల దాకా లాగి పట్టుకుంది. సక్షన్ గొట్టం గురగురలాడుతోంది. కాబోయే డాక్టరుగారు, అప్పుడే ఆ నోట్లోంచి తీసిన గ్లౌజు చేత్తోనే ఫోను సర్దుకుంటూ, "అంకుల్, ఇది పోస్ట్ చేయనా?" అని ఎంతో వినయంగా అడిగారు.

"ఆ... ఆ..." అన్నాడాయన.

అంగీకారం లభించింది! తెలుగులో 'ఆ' అంటే అవుననే కదా. పైగా రిట్రాక్టర్ పెట్టిన నోటికి పెదవులు కలవవు. 'వద్దు'లో 'వ' పలకదు, 'ఒప్పుకోను'లో 'ప్ప' పలకదు. అందుకే ఈ కుర్చీలో కూర్చున్న ఏ రోగీ ఇంతవరకు కాదనలేదు. పత్రం మీద సంతకం ఉందంటారా? అది పన్ను తీయడానికి, పరువు తీయడానికి కాదు.

"ముఖం కనబడదు, పళ్లే కదా" అన్నది వారి వాదన. కాలి బొగ్గయిన శవాన్ని సైతం పళ్లను బట్టి గుర్తించవచ్చని ఫోరెన్సిక్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదీ వీరే. శవం ఎవరిదో చెప్పే పళ్లు బతికున్న మనిషి విషయంలో మౌనం పాటిస్తాయి కాబోలు! ఎక్స్‌రే పెడితే మూలన పేరు, తేదీ, కేసు నంబరు. రోగుల గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం కింద, ఒక రికార్డు ఎవరిదో తెలియకూడదంటే తీసేయాలని అమెరికా చెప్పిన 18 రకాల వివరాల్లో ఈ మూడూ ఉన్నాయి. మనవాడు పేరు మీద గులాబీ బొమ్మ అతికించాడు. సగం పేరు రేకుల చాటునుంచి తొంగి చూస్తోంది.

తర్వాతి రీల్‌లో ఒక ముసలావిడ. కట్టుడు పళ్లు తీయగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతిని మెల్లగా పక్కకు తప్పించి వీడియో తీశారు. వెనక హాస్య సంగీతం.

ఒరే నాయనా, ఆ చెయ్యి 'వద్దు' అంటోందని నీకు తెలియలేదా? నీ చదువు కోసం, నీ తడబాట్లన్నీ పంటి బిగువున భరిస్తానని వచ్చి కూర్చుంది, పళ్లే లేని మనిషి! నువ్వు ఆవిడ బోసినోటిని ఊరికి చూపించి నవ్వులు ఏరుకుంటావా? సిగ్గు లేదూ?

పర్యవేక్షించే ప్రొఫెసరుగారు ఏం చేస్తున్నారంటారా? మొదటి లైకు వారిదే.