హెర్షీకి దానం చేయడం రాలేదు

దానం ఎలా చేయకూడదో తెలియాలంటే పెన్సిల్వేనియా చాక్లెట్ వ్యాపారి మిల్టన్ హెర్షీ జీవితం చదవాలి. 1876లో ఫిలడెల్ఫియాలో మిఠాయి కొట్టు పెట్టి మునిగాడు. న్యూయార్కులోనూ మునిగాడు. లాంకాస్టర్‌లో పాలు పోసి చేసిన క్యారమెల్‌తో తేలి, 1900లో ఆ కంపెనీని పది లక్షల డాలర్లకు అమ్మేశాడు. మనవాడైతే వెంటనే కల్యాణమండపం కట్టేవాడు. ఈయన పాల చాక్లెట్ చేయాలని పాల వెంట పడ్డాడు.

పాలలో నూటికి 87 పాళ్ళు నీళ్ళే. కరిగిన చాక్లెట్‌లో కాసిని నీళ్ళు పడ్డా ముద్దకట్టి మొరాయిస్తుంది. నీరు ఇగరడానికి మంట పెంచితే పాలు మాడతాయి. చివరికి హెర్షీ మనుషులు వెన్న తీసిన పాలలో పంచదార దండిగా వేసి, గాలి లాగేసిన పాత్రలో సన్నని సెగ మీద చిక్కబరిచారు. ఆ చాక్లెట్‌లోని పులుపుకు యూరప్‌వాళ్ళు నేటికీ మొహం చిట్లిస్తారు. అమెరికాకు మాత్రం చాక్లెట్ అంటే అదే.

పిల్లలు లేరు. 1909లో భార్య కేథరిన్‌తో కలిసి అనాథ బాలుర బడి పెట్టాడు. 1918లో తన చాక్లెట్ కంపెనీలోని సుమారు 6 కోట్ల డాలర్ల షేర్లు ఆ బడి ట్రస్టుకు రాసిచ్చాడు. ఘోరం ఇక్కడే జరిగింది: విలేఖరులను పిలవలేదు! పత్రికలకెక్కింది 1923లో. మన ఆసుపత్రుల్లో ఒక్క అరటిపండుకు ఎనిమిది చేతులు ఆనితే గాని రోగికి అందదు. పైగా మన చట్టం పెద్ద కంపెనీలను సమాజసేవకు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతమే అడుగుతోంది. లాభం మిగుల్చుకోవాల్సిన మనిషి కంపెనీనే ఇచ్చేస్తే ఎలా?

షరతుల దగ్గర మాత్రం మన దాతల స్థాయి అందుకున్నాడు. పిల్లవాడు పేదవాడై, ఆరోగ్యవంతుడై, తెల్లవాడై, 4 నుంచి 8 ఏళ్ళ లోపువాడై ఉండాలి. (ఇది చదివి కులసంఘాల హాస్టళ్ళు గుర్తొస్తే ఆ తప్పు పాఠకులదే.) ఆడపిల్లలకు తలుపు తెరిచేసరికి 1970లు వచ్చాయి.

ఊరికి తన పేరే పెట్టుకున్నాడు, వీధికి చాక్లెట్ అవెన్యూ అని. 1937లో కార్మికులు ఫ్యాక్టరీలోనే బైఠాయిస్తే, పాలు కొనే దిక్కులేక రైతులు లోపలికి చొరబడి వాళ్ళను చితకబాదారు. ధర్మప్రభువు ఊళ్ళో సమ్మె పరిష్కారం అలా మొదలైంది.

ఆయన 1945లో పోయాడు. 2002లో ట్రస్టు కంపెనీని అమ్మబోతే ఊరు రోడ్డెక్కింది, కోర్టు అడ్డుపడింది, ట్రస్టు వెనక్కి తగ్గింది. కొడుకులు లేకపోయినా ఆస్తి తగాదా తప్పలేదు.