ప్యానెల్ బిగించాం, టీచర్‌కి బటన్లు నేర్పి వదిలేశాం

పోయిన వర్షాకాలంలో చీపురుపల్లి వైపు ఒక హైస్కూల్‌కి వెళ్లి తొమ్మిదో తరగతి గదిలో ఆఖరి బెంచీ మీద కూర్చున్నాను. రిటైరయ్యాక కూడా ఎవరైనా పిలిస్తే బడికి వెళ్లకుండా ఉండలేను. బయాలజీ టీచర్ గారు ప్యానెల్, అంటే గోడకి బిగించిన పెద్ద టచ్ తెర, ఆన్ చేశారు, తెర మీద వెలుతురు పడుతోందని కిటికీలు మూయించారు, జీవకణం మీద పన్నెండు నిమిషాల వీడియో పెట్టారు. బొమ్మలు నిజంగా బాగున్నాయి. వీడియో నడిచినంతసేపూ గదిలో చడీచప్పుడు లేదు. అయ్యాక ఆవిడ "అర్థమైందా?" అని అడిగితే నలభై మందీ ఒకే గొంతుతో "అర్థమైంది టీచర్" అన్నారు. నా పక్కనున్న కుర్రాణ్ని మెల్లగా అడిగాను, ఏం అర్థమైందిరా అని. కాసేపు ఆలోచించి, "ఆకుపచ్చగా ఏటో తిరిగింది మాస్టారూ" అన్నాడు.

ఆ టీచర్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. సాయంత్రం బడి విడిచాక కూడా వెనకబడ్డ పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివించే మనిషి ఆవిడ. ప్యానెల్ వచ్చినప్పుడు ఏం ట్రైనింగ్ ఇచ్చారమ్మా అని అడిగాను. ఎలా ఆన్ చెయ్యాలి, పెన్ను రంగు ఎలా మార్చాలి, పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టాలి, తెర దేనితో తుడవాలి, అంతేనట. వీడియోని ఎక్కడ ఆపాలి, ఆపి ఏం అడగాలి, పిల్లాడు తప్పు చెబితే ఆ తప్పుని పట్టుకుని పాఠాన్ని ఎటు తిప్పాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నా బాధంతా అక్కడే.

యంత్రాలు రాలేదని ఇప్పుడు ఎవరూ అనలేరు. 2019 నవంబర్‌లో సర్కారు బళ్లని బాగుచేసే నాడు-నేడు మొదలైంది. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షల పైచిలుకు ట్యాబ్‌లు ఇచ్చారు, 2023లో హైస్కూల్ తరగతుల్లోకి ప్యానెళ్లు, చిన్న తరగతుల్లోకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత విజయనగరం జిల్లాలో 58.89 శాతం, శ్రీకాకుళంలో 61.74 శాతం. అమ్మానాన్నలు పనికోసం వలస పోతే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ప్రతి తరగతిలో ఉండే జిల్లాలివి, అలాంటి పిల్లల ముందుకి ఇంత పెద్ద తెర వచ్చినందుకు నాకు సంతోషమే. కానీ నల్లబల్ల రోజుల్లో మాస్టారు ఒక గీత గీసి వెనక్కి తిరిగి పిల్లల మొహాలు చూసేవారు, ఎవరి మొహంలోనైనా అనుమానం కనిపిస్తే సుద్దముక్క ఆగేది. వీడియో ఎవరి మొహమూ చూడదు. మాస్టారి చుట్టూ తిరిగే తరగతిని పిల్లల చుట్టూ తిరిగేలా మార్చాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పి ఇరవై ఏళ్లు దాటింది, మనమేమో ఇప్పుడు తెర చుట్టూ తిప్పుతున్నాం. పిల్లాడు కూర్చున్న చోటు మారలేదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. మన టీచర్లకి టెక్నాలజీతో పరిచయం పాఠం దగ్గర మొదలవ్వలేదు, తనిఖీ దగ్గర మొదలైంది. 2022లో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది. మధ్యాహ్న భోజనం ఫొటోలు, కొన్నాళ్లపాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా. సిగ్నల్ దొరక్క ఫోన్ పైకెత్తి పట్టుకుని ప్రహరీ పక్కన తిరిగిన హెడ్‌మాస్టర్లని నేను చూశాను, తొమ్మిది దాటితే ఏమవుతుందోనని వాళ్ల చేతులు వణకడం కూడా చూశాను. యాభై ఏళ్లు దాటిన టీచర్‌కి ఫోన్ అంటేనే టెన్షన్ అయిపోయాక, అదే మనిషిని పట్టుకుని "ఇదిగో ఇదే తెరతో పిల్లల చేత ఆలోచింపజెయ్యండి" అంటే ఎలా కుదురుతుంది? ముందు ఆ భయం పోవాలి. పాఠం కోసం వాడే సాధనాన్ని, లెక్క చెప్పడం కోసం వాడే యాప్‌ని వేరు చెయ్యాలి. తరగతిలో ప్యానెల్ ఎన్ని గంటలు వెలిగిందో చూసి టీచర్‌కి మార్కులు వేసే పద్ధతి వద్దే వద్దు. అలా లెక్కపెడితే ప్యానెల్ వెలుగుతూనే ఉంటుంది, కింద పిల్లలు మాత్రం నోట్సు రాసుకుంటూ ఉంటారు.

మన ట్రైనింగులు ఎలా జరుగుతాయో టీచర్లందరికీ తెలుసు. మండల కేంద్రంలో ఒక హాలు, నూట యాభై మంది, ముందు ఒక తెర, దాని మీద "శిశుకేంద్రిత బోధన" అని పెద్ద అక్షరాలు, ఆ స్లైడుని రిసోర్స్ పర్సన్ చదువుతుంటే వినడం. పిల్లల చేత చేయించండి అని చెప్పే ఆ మూడు రోజుల్లో టీచర్ల చేత ఏమీ చేయించరు. టీచర్ల కోసం 2019లో వచ్చిన నిష్ఠ శిక్షణ కోవిడ్ వల్ల మరుసటి ఏడాది దీక్ష అనే ఆన్‌లైన్ పోర్టల్ మీదకి మారింది. మాడ్యూల్సు కొన్ని బాగానే ఉన్నాయి. అయితే వంటింట్లో ఫోన్ ఆన్ చేసి పెట్టి, వీడియో పూర్తయ్యాక క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో చూసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు నాకే చాలామంది తెలుసు. వాళ్లు సోమరులు కారు. ఆ కోర్సుకీ మర్నాడు చెప్పాల్సిన పాఠానికీ సంబంధం కనిపించలేదు వాళ్లకి, అంతే. కొత్త విద్యావిధానం టీచర్‌కి ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. ఆ గంటలు ఏ గదిలో, ఎవరితో, ఏ పాఠం మీద గడిచాయో ఎవరు చూస్తారు?

ఇప్పుడు టెక్కలి వైపు నేను చూసిన ఇంకో తరగతి గురించి చెబుతాను. పదో తరగతి, విద్యుత్ పాఠం. ఫిజిక్స్ మాస్టారు ప్యానెల్ మీద 'ఫెట్' సర్క్యూట్ కిట్ తెరిచారు. కొలరాడో యూనివర్సిటీలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన సిమ్యులేషన్లు ఇవి, పూర్తిగా ఉచితం. ఒక బ్యాటరీ, రెండు బల్బులు శ్రేణిలో కలిపి, స్విచ్ వెయ్యకుండా ఆగారు. "ఒక బల్బు ఉన్నప్పటికంటే వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా? ముందు పుస్తకంలో రాయండి, తర్వాతే స్విచ్" అన్నారు. రాశారు, చేతులెత్తించి లెక్కపెట్టారు, ఒక అమ్మాయిని పిలిచి స్విచ్ వేయించారు. వెలుగు తగ్గింది. తర్వాత సమాంతరంగా కలిపితే రెండూ పూర్తిగా వెలిగాయి. "ఇళ్లల్లో ఇలాగే కలుపుతారు, అందుకే ఒకటి వేస్తే ఇంకోటి తగ్గదు" అన్నారాయన. అంతలో మూడో బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "మా ఇంటికాడ మోటారేస్తే లైటు డిమ్మయిపోతాది కదా మాస్టారూ?" అంది.

ఆయన ఆగిపోయారు. అది సిలబస్‌లో లేదు, కూర్చోమ్మా అనొచ్చు. అనలేదు. "అవును, మా ఇంట్లోనూ అంతే. ఎందుకంటావు?" అని క్లాసు మీదకి వదిలారు. మోటారే కరెంటంతా లాగేసుకుంటాదని ఒకడు, ట్రాన్స్‌ఫార్మర్ దూరం అని ఒకడు, స్తంభం నుంచి వచ్చే వైరు సన్నం అని ఇంకొకడు. బెల్లు కొట్టేశారు. ఆ రాత్రి ఆయన ఇంట్లో కూర్చుని వెతికితే, అదే సిమ్యులేషన్‌లో వైరు నిరోధాన్ని పెంచే మీట కనిపించిందట. మర్నాడు అదే పిల్ల చేత ఆ మీట జరిపించి, రెండో బల్బు కలపమన్నారు. మొదటి బల్బు వెలుగు పిల్లల కళ్ల ముందే తగ్గింది. పొడవాటి సన్న వైరులో ఎక్కువ కరెంటు పోతే కొంత వోల్టేజి దారిలోనే పోతుందని, అందుకే మోటారు వెయ్యగానే లైటు తగ్గుతుందని పిల్లలే తేల్చారు. నిరోధం అన్న మాట పరీక్ష పేపర్లోంచి వాళ్లింటి వరండా లైటు దాకా వచ్చేసింది.

ఇందులో టెక్నాలజీ తెలిసినందువల్ల జరిగింది కొంతే. మీట ఎక్కడుందో తెలిసినా ఓమ్ నియమం లోతుగా తెలియకపోతే ఆయన దాన్ని ఈ ప్రశ్నకి వాడేవారు కాదు. నియమం తెలిసినా, పిల్ల ప్రశ్నకి చోటివ్వడం రాకపోతే ఆ ప్రశ్న అక్కడే చచ్చిపోయేది. సబ్జెక్టు తెలియడం వేరు, దాన్ని పిల్లలకి అందేలా చెప్పడం తెలియడం వేరు అని 1986లో లీ షుల్మన్ అనే అమెరికా విద్యావేత్త అన్నారు. మిశ్రా, కోలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో దానికి టెక్నాలజీని కలిపి, ఈ మూడూ కలిసే చోటే టీచర్ నైపుణ్యం ఉంటుందన్నారు. మనమేమో మూడింటినీ విడదీసి, టెక్నాలజీ ముక్క ఒక్కటే తీసి హాల్లో పంచుతున్నాం.

యంత్రం ఒక్కటే ఇస్తే ఏమవుతుందో పెరూ దేశం చూసింది. పిల్లలకి లాప్‌టాప్‌లు పంచారు, 2012లో వచ్చిన అధ్యయనంలో లెక్కల్లోనూ భాషలోనూ చెప్పుకోదగ్గ మెరుగు కనిపించలేదు. మరోపక్క ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఏ పిల్లాడి స్థాయికి తగ్గట్టు ఆ పిల్లాడికి లెక్కలు ఇచ్చింది, అక్కడ పిల్లలు బాగా ముందుకెళ్లారని 2019లో అచ్చయిన పరిశోధన చెప్పింది. తేడా పెట్టెలో లేదు, పిల్లాడు ఉన్న చోటికి పాఠం వెళ్లిందా లేదా అన్నదాంట్లో ఉంది.

ఆ పిల్లాడున్న చోటు అనే మాట మన ప్రాంతంలో ఎప్పుడో చెప్పింది గిడుగు రామ్మూర్తి పంతులు గారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ అక్కడి కొండల్లోని గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. ఇప్పుడు సీతంపేట కొండల్లో బడికి వెళ్లే సవర పిల్లకి ట్యాబ్‌లో గ్రాంథికంలాంటి తెలుగు, లేకపోతే ఇంగ్లిష్ వినిపిస్తోంది. అక్కడ ఒక టీచర్ చేసిన పని నాకు భలే నచ్చింది. టీవీలో సౌండు పూర్తిగా ఆపేసి, బొమ్మలు మాత్రం నడిపిస్తూ, ఏం జరుగుతోందో మీరే చెప్పండి అన్నారు. పిల్లలు సవరలో చెప్పారు, ఆవిడ ఒక్కో మాట తెలుగులో బోర్డు మీద రాశారు. సౌండు బటన్‌ని ఇలా కూడా వాడొచ్చని ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, నడుస్తుండేది. చార్టులు, కత్తెరలు, జిగురు ఇచ్చారు, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టమన్నారు. కూర్చోబెట్టాం, పాఠం మాత్రం అదే పాఠం. అయితే ఆ రోజుల్లో ఒక మంచి అలవాటు ఉండేది, చుట్టుపక్కల బళ్ల టీచర్లు టీచర్ సెంటర్‌లో కలిసి, చేసింది చూపించుకునేవాళ్లం. నాకు పాఠం చెప్పడం వచ్చింది అక్కడే. ఇప్పటి క్లస్టర్ మీటింగుల్ని మళ్లీ అలా చెయ్యొచ్చు. సర్క్యులర్లు చదవడం వాట్సాప్‌కి వదిలేసి, ఆ పూటంతా ఒక్క పాఠం మీద కూర్చోవాలి. ఒకరు తన తరగతిని ఫోన్‌లో తీసి చూపించాలి, మిగతావాళ్లు మాట్లాడాలి, వచ్చే నెల మార్చి చెప్పి మళ్లీ చూపించాలి. క్లస్టర్‌లోని బళ్లకి తిరిగే రిసోర్స్ టీచర్లని (సీఆర్‌ఎంటీలని) కాగితాలు మోసే పని నుంచి తప్పించి ఈ పనిలో పెట్టాలి. వమరవిల్లి డైట్ లాంటి టీచర్ శిక్షణ సంస్థల్లో చదివే ఛాత్రోపాధ్యాయులు కూడా వచ్చి కూర్చోవాలి. బీఈడీకి 2014 నిబంధనల్లో 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టారు, ఆ వారాలన్నీ నిజంగా బడిలో గడిస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. అలా చేరిన కుర్ర టీచర్లు ఫోన్ మీద వేళ్లు ఆడించడంలో మనకంటే చురుకు, కాబట్టి వీళ్లకి ట్రైనింగ్ అక్కర్లేదనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లని ఎంపిక చేసింది కంప్యూటర్ ముందు నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పరీక్ష. నలభై మంది పిల్లల ముందు నిలబడి, తనకి వెంటనే జవాబు తెలియని ప్రశ్నని ఎలా అందుకోవాలో అది పరీక్షించదు. వాళ్లకి మొదటి రెండేళ్లు పక్కన ఒక మంచి సీనియర్ ఉండాలి.

సిలబస్ ఎప్పుడవుతుందండీ, ఇవన్నీ చేస్తే, అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, టెక్కలి మాస్టారికి ఆ ఒక్క ప్రశ్నకే రెండు పీరియడ్లు పట్టింది. సిలబస్ తగ్గించకుండా, పరీక్షలో అడిగే తీరు మార్చకుండా మొత్తం బరువు టీచర్ నెత్తిన పెట్టడం తప్పు. ఆ మాట పైన కూర్చున్నవాళ్లకి గట్టిగా చెప్పాల్సిందే.

చీపురుపల్లి వైపు టీచర్ గారు ఆ మధ్య తన క్లాసు వీడియో క్లస్టర్ మీటింగ్‌లో చూపించారు. అందులో మొదటి పది నిమిషాలు పిల్లల గొంతు ఒక్కసారి కూడా వినపడలేదని ఆవిడే ముందు గుర్తుపట్టారట. ముందు మైక్రోస్కోప్‌లో ఉల్లిపొర చూపించి, బొమ్మ గీయించి, తర్వాత వీడియో రెండు నిమిషాలే పెట్టి ఆపండి అని పక్క బడి టీచర్ సలహా ఇచ్చారు. అలాగే చేశారు. మొన్న ఫోన్‌లో ఆవిడ గొంతు నిండా సంతోషమే. ఆ ఆఖరి బెంచీ కుర్రాడు మైక్రోస్కోప్ దగ్గర నుంచి కదల్లేదట, కాసేపటికి "వీడియోలో ఆకుపచ్చగా ఉంది కదా టీచర్, మరి ఉల్లిపొరలో ఆకుపచ్చది లేదేటి?" అని అడిగాడట. ఆవిడ జవాబు చెప్పలేదు. రేపొచ్చేటప్పుడు ఉల్లికాడ ఒకటి పట్టుకురమ్మని చెప్పి పంపించారు.